ఖాళీ కాని గ్లాసు

మా ఇంట్లో తద్దినాలు పెట్టే పని నాది. పెద్దకోడలిగా ఈ గడప తొక్కిన ఏడే మా అత్తగారు ఇత్తడి పళ్ళాల పెట్టె తాళంచెవి నా కొంగున కట్టినంత పని చేసింది. ఎవరి తిథి ఎప్పుడు, ఎవరికి తీపి ఇష్టం, ఎవరు ఎండుచేప తలకాయ వదిలేవారు కాదు, అన్నీ నాకు నోటికే గుర్తు. ఎక్కడా రాసుకోలేదు.

ఆ వసంతంలో మా మరిది గీబోమ్ తిథికి మాత్రం పెట్టె తాళం తీయలేదు. ముజిన్ తీయనివ్వలేదు.

"పెద్దమ్మా, ఈ ఒక్కసారి వంటింట్లోకి వెళ్ళకు. నాన్నకి బేస్‌బాల్ అంటే ప్రాణం, బీరంటే ఇంకో ప్రాణం. నువ్వేమో ఏటా ఆయనకి చప్పటి పులుసు పెడతావు. పాపం మొహమాటానికి తింటున్నారేమో."

"పోయినవాళ్ళకి మొహమాటం ఏమిట్రా."

"నువ్వు పక్కన కూర్చుని వడ్డిస్తుంటే ఎవరికైనా మొహమాటమే."

ముజిన్ గీబోమ్ కొడుకు. వాడు నడక నేర్చిన ఏడే తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. గీబోమ్ చేపల పడవలో ఇంజను చూసేవాడు. ముజిన్ ఇంకా బడిలో చేరకముందే ఒక పొద్దున బూసాన్ రేవు నుంచి వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. మనుషులు దొరకలేదు, చెక్కముక్క కూడా తేలలేదు. రేవు వదిలిన రోజునే తిథిగా పెట్టుకున్నాం. ఆ రోజు ముజిన్ ఒళ్ళు కాలిపోయే జ్వరంతో నా ఒళ్ళో పడుకుని ఉన్నాడు. అప్పట్నుంచీ నా ఒళ్ళోనే పెరిగాడు. నాకు వేరే పిల్లలు లేరు.

నీళ్ళలో పోయినవాళ్ళు ఒంటరిగా ఉండలేరంటారు మా వైపు. తోడు కోసం వెతుక్కుంటారట. ముందుగా రక్తసంబంధాన్నే వెతుక్కుంటారట. అందుకే ఇన్నేళ్ళూ గీబోమ్ తద్దినంలో ఒక్క పళ్ళెం కూడా అటూ ఇటూ కానివ్వలేదు. కడుపు నిండి వెళ్ళినవాడు పిల్లవాడి జోలికి రాడని నా నమ్మకం. అమితాభ బుద్ధుడి ముందు దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా నేను అడిగేది అదొక్కటే. రాబోయే ఆకురాలు కాలానికి ముజిన్ పెళ్ళి కుదిరి ఉంది. అమ్మాయి పేరు గారం. నవ్వితే కళ్ళు మాయమైపోతాయి.

"వాడంతగా అడుగుతున్నాడు, వెళ్ళిరా. కాలం మారింది," అన్నారు మా ఆయన. మోకాళ్ళ నొప్పి వంక పెట్టి తను మాత్రం ఇంట్లోనే ఉండిపోయారు.

సముద్రం ఒడ్డున కొత్తగా లేచిన అద్దాల మేడల్లో ఒకదాని పై అంతస్తులో ఉంది ఆ స్పోర్ట్స్ బార్. లిఫ్టు తలుపు తెరుచుకోగానే మైనం రాసిన చెక్క వాసన, వేయించిన కోడి వాసన, నిమ్మతొక్కల వాసన కలిసి కొట్టాయి. గోడంత తెరల మీద మా ఊరి జట్టు ఆడుతోంది. ఒకవైపు బాణాలు విసిరే ఆట, ఇంకోవైపు పొడవాటి బల్ల మీద ఇనుప బిళ్ళలు తోసే ఆట. మెత్తటి తోలు కుర్చీల్లో టైలు వదులు చేసుకున్న మగవాళ్ళు, వాళ్ళ మధ్యలో పెద్దగా నవ్వుతున్న ఆడపిల్లలు. నల్ల కోటు వేసుకున్న మేనేజరమ్మాయి నాకు వంగి నమస్కారం చేసి, మమ్మల్ని విడి గదిలోకి తీసుకెళ్ళింది.

గదిలో దక్షిణం గోడంతా అద్దమే. అద్దం నిండా సముద్రం. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి. పడమటి గోడకి బంతి విసిరే ఆటగాడు, పిచర్, బొమ్మగా కనిపించే తెర. వాడు చెయ్యి విసిరినప్పుడు తెరలో ఉన్న కంతలోంచి నిజం బంతి వస్తుంది, మనం బ్యాటుతో కొట్టాలి. మధ్యలో బల్ల. బల్లకే బీరు కుళాయి.

"అత్తయ్యగారూ, కుళాయి చూశారా? ఎంత కావాలంటే అంత పట్టుకోవడమే," అంది గారం.

"మా పెద్దమ్మకి చూపించకు. ఇంట్లో కూడా పెట్టించమంటుంది," అన్నాడు ముజిన్.

"పెట్టించరా. నీ పెళ్ళి ఖర్చు దాంతోనే పోతుంది," అన్నాను.

అద్దానికి ఎదురుగా, ఉత్తరం గోడకి వీపు ఆనించిన కుర్చీని గీబోమ్ కోసం వదిలాం. తద్దినంలో కూడా పోయినవాళ్ళు ఉత్తరాన కూర్చుని దక్షిణం వైపు చూస్తారు. ఎవరూ అనుకోకుండానే కుర్చీ అలా కుదిరినందుకు నా మనసు కాస్త నెమ్మదించింది. సంచిలోంచి చిన్న ఇత్తడి గిన్నె తీశాను.

"దీంట్లోనా? మా నాన్నకా?" అని ముజిన్ దాన్ని పక్కకి జరిపి, పెద్ద గాజు మగ్గు నిండా బీరు పట్టి ఆ కుర్చీ ముందు పెట్టాడు. మేం ముగ్గురం లేచి తలలు వంచాం. నేను లోపల అమితాభుడి పేరు అనుకున్నాను. వాడు మాత్రం పైకే అన్నాడు, "నాన్నా, మనవాళ్ళు గెలుస్తున్నారు. కూర్చుని చూడు."

నిప్పుల మీద కాల్చిన చేప వచ్చింది, తలతో సహా. ఎముకలతో కాల్చిన గొడ్డుమాంసం, చేప ఉండల పులుసు, చేపగుడ్లు చల్లిన అన్నం గిన్నె, కోసిన పళ్ళ పళ్ళెం వచ్చాయి. ముజిన్ గ్లాసు సగం కాగానే గారం కుళాయి వైపు జరిపింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఉన్నదాంట్లో పొయ్యకమ్మా. ఖాళీ అయ్యాక పొయ్యి. మిగిలి ఉండగా పైన పోసేది పోయినవాళ్ళకే."

"మా అమ్మ కూడా ఇదే అంటుంది. చెయ్యి ఊరుకోదు నాకు," అని నాలుక కరుచుకుంది.

ముజిన్ కోటు విప్పి బ్యాటు పట్టాడు. మొదటి బంతి తగల్లేదు. రెండోదీ తగల్లేదు.

"మీ ఆయన గాలికి భలే దెబ్బలు కొడుతున్నాడమ్మా," అన్నాను గారంతో.

"పెళ్ళయ్యాక ఈగలు తోలడానికి పనికొస్తాడు లెండి."

తర్వాత కొట్టాడు. ఆపైన వరసగా కొట్టాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గారం తను కూడా ఆడతానని లేచింది. బ్యాటు ఎలా పట్టుకోవాలో నన్నడిగింది, నాకేదో తెలిసినట్టు. ఇద్దరం తెర వైపు తిరిగి నవ్వుకుంటున్నాం. ఆట అయి బల్ల దగ్గరికి వచ్చేసరికి గీబోమ్ మగ్గు సగానికి దిగి ఉంది.

"మామయ్యగారు తాగేశారు," అని గారం నవ్వింది. "ఈయనకైతే పొయ్యచ్చు కదా అత్తయ్యగారూ, మిగిలి ఉన్నా?" నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది, కానీ అప్పటికి నేను మగ్గునే చూస్తున్నాను. గారం పోసింది, నురగ అంచు దాకా లేచింది.

"మామయ్యగారు కాదు, నేనే తాగింది," అన్నాడు ముజిన్. "దాహం వేసి చేతికందింది తాగేశాను."

అప్పుడు చూశాను. వాడు గీబోమ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గోడకి వీపు ఆనించి, సముద్రం వైపు చూస్తూ.

"లే అక్కణ్ణుంచి."

"నాన్న కుర్చీలో కొడుకు కూర్చుంటే తప్పా పెద్దమ్మా?"

"ముజిన్, లే."

నా గొంతు విని గారం నవ్వు ఆపేసింది. వాడు మాత్రం ఇంకా నవ్వుతూనే బల్ల అంచు పట్టుకుని లేవబోయాడు. లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి," అన్నాడు. "ఒక్క నిమిషం."

ఎవరూ మీట నొక్కలేదు. పడమటి గోడ మీద తెర వెలిగింది. బొమ్మ పిచర్ కాలెత్తాడు. అంతసేపూ కుడిచేత్తో విసిరినవాడు ఈసారి ఎడమచెయ్యి వెనక్కి తీశాడు. బంతి కంతలోంచి మెల్లగా జారి, నేల మీద దొర్లి, ముజిన్ బూటుకి తగిలి ఆగింది. అది దొర్లిన దారంతా తడి గీత. ఉప్పునీటి వాసన వచ్చింది. దాని వెనకే డీజిల్ వాసన.

గీబోమ్‌ది ఎడమచెయ్యి వాటం. రేవులో వలలు ఆరేసే చోట కొడుక్కి బంతులు అలాగే విసిరేవాడు, మెల్లగా, అందేటట్టు.

"మెషీన్ పాడైనట్టుంది," అంది గారం. "ముజిన్, నీ చెయ్యి ఇంత చల్లగా ఉందేమిటి?"

వాడు అద్దంలోకి చూస్తున్నాడు. బయట ఇప్పుడు పూర్తిగా చీకటి. అద్దంలో మా గదే కనిపిస్తోంది.

నేను వాడి చంకల కింద చేతులు వేసి లాగాను. గారం కూడా లాగింది. చిన్నప్పుడు నిద్రపోతే ఒక్క చేత్తో ఎత్తినవాణ్ణి కుర్చీలోంచి అంగుళం కదపలేకపోయాం. బట్టలు నానినట్టు బరువు. పొడిగానే ఉన్నాయి, కానీ ఆ బరువు మాత్రం నానినవాటిదే...

నా మోచెయ్యి తగిలిందేమోనని బల్ల వైపు చూశాను. పళ్ళాలు మేం పెట్టినట్టు లేవు.

చేప తూర్పుకి జరిగి ఉంది. మాంసం పడమరకి. ఆపిల్ ముక్కలు తూర్పున, బేరిపళ్ళ ముక్కలు పడమరన, ఎర్రవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు. ముజిన్ ముందు అన్నం గిన్నె కుడిచేతి వైపు ఉంది, పులుసు ఎడమచేతి వైపు. బ్రతికున్న మనిషి ముందు అన్నం ఎడమనే ఉంటుంది. మా ఊళ్ళో చిన్నపిల్ల కూడా తిప్పి పెట్టదు. తిప్పి పెట్టేది తద్దినంలోనే. ఇన్నేళ్ళుగా ఆ వరస పెట్టినదాన్ని నేను. ఆ బల్ల మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మగ్గు వైపు చూశాను. వాడు ఇంకో గుక్క తాగినట్టున్నాడు, పెదవి మీద నురగ ఉంది. మగ్గు మాత్రం నిండుగా ఉంది. చూస్తుండగానే ఒక్క చుక్క అంచు దాటి కిందికి జారింది. కుళాయి కట్టేసి ఉంది.

"నువ్వు పోశావా?" అని గారాన్ని అడిగాను.

తల అడ్డంగా ఊపింది.

మేం గీబోమ్‌కి తద్దినం పెట్టడానికి వచ్చాం. ఇక్కడ తద్దినం ఎవరో పెడుతున్నారు. ముజిన్‌కి.

తర్వాత ఏమిటో నాకు తెలుసు. మీద పోసిన తర్వాత చెంచా అన్నంలో నిలువుగా గుచ్చుతారు. ఇంటివాళ్ళంతా బయటికి వచ్చి తలుపు మూస్తారు. పోయిన మనిషి తినేదాకా గుమ్మం అవతల తలలు వంచుకుని నిలబడతారు. తద్దినం పెట్టే ఇంటి మగవాడు మూడుసార్లు గొంతు సవరించుకుని తలుపు తీస్తాడు. అప్పటికి వడ్డించింది అందినట్టు. ఇక ఆ మనిషి పోయినవాళ్ళలోవాడే.

చెంచా కోసం వెతికాను. అది అప్పటికే అన్నం మధ్యలో నిలబడి ఉంది.

"గారం," అని మెల్లగా అన్నాను. "గదిలోంచి బయటికి పోవద్దు. ఏమైనా సరే. ఇద్దరం ఇక్కడే ఉండాలి."

"మేనేజర్ని పిలుస్తానండీ... అంబులెన్స్..."

"పోవద్దమ్మా."

ఆ పిల్ల అప్పటికే తలుపు తీసింది. ఆమెని పట్టుకోవడానికి వెనకే వెళ్ళాను. ఆమె చేతిసంచి మాత్రమే అందింది. గడప దాటింది నా ఒక్క కాలే. గదిలో దీపం ఆరిపోయింది. వీపు మీద ఎవరో అరచెయ్యి ఆనించారు. తొయ్యలేదు. తద్దినంలో వంగడం ఆలస్యమైన పిల్లల్ని పెద్దవాళ్ళు మెల్లగా ముందుకి నడిపిస్తారు చూడండి, అలా. చెయ్యి చల్లగా ఉంది. వీపున బట్ట తడిసింది.

తలుపు మూసుకుంది.

ఇద్దరం నడవాలో ఉన్నాం. వాడు లోపల.

గారం తలుపు మీద కొట్టింది. పిడి తిప్పింది. తాళం కూడా లేని తలుపు, కదల్లేదు. బయట హాల్లో తెరల మీద ఎవరో హోమ్ రన్ కొట్టారు, జనం ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపు సగంలో తెగిపోయింది. అందరూ ఒక్కసారే ఊపిరి బిగబట్టినట్టు... తెరల మీద ఆట కదులుతూనే ఉంది, శబ్దం లేదు. హాల్లో జనం మాకేసి చూడటం లేదు. తలలు వంచుకుని ఉన్నారు. గ్లాసులు పట్టుకున్నవాళ్ళు గ్లాసులతో, బాణం పట్టుకున్నవాడు బాణంతో. మేనేజరమ్మాయి కూడా చేతులు ముందుకు కట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉంది.

తలుపుకి చెవి ఆనించాను. లోపల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. నెమ్మదిగా. మళ్ళీ.

నడవా చివర, దీపాలు లేని చోట, ఎవరో గొంతు సవరించుకున్నారు.

నేను అటు తిరగలేదు. తిరిగితే గుర్తుపడతానని భయం. నా పెళ్ళైన కొత్తలో గీబోమ్ రాత్రిళ్ళు పడవ దిగి వచ్చి, నేను నిద్ర లేవాలని వాకిట్లో ఆ గొంతే సవరించుకునేవాడు.

"గీబోమ్," అన్నాను తలుపుకేసి చూస్తూనే. "వీడు నా దగ్గరున్నాడయ్యా. ఆ రోజు నా ఒళ్ళోనే ఉన్నాడు. పడవ ఎక్కలేదు."

రెండోసారి. ఈసారి దగ్గరగా. కార్పెట్ మీద నీళ్ళు కారుతున్న బూట్ల చప్పుడు. డీజిల్ వాసన నా మెడ దాకా వచ్చింది.

"అత్తయ్యగారూ," అని గారం గొణిగింది. ఆమె అటే చూస్తోంది. కళ్ళు ఆర్పడం లేదు. "అత్తయ్యగారూ, ఆయన ఏడుస్తున్నారు."

వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు, గొంతు సవరించుకోబోయే ముందు తీసుకునే ఊపిరి. మా వంశంలో ఆడది ఎప్పుడూ చెయ్యనిది అప్పుడు చేశాను. ఆ తలుపు గీబోమ్ తియ్యకూడదని, మూడోసారి నేను సవరించుకున్నాను. గట్టిగా, మా మామగారు చేసినట్టు. తలుపు తోశాను.

తెరుచుకుంది.

ముజిన్ అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి. అన్నం సగం తగ్గి ఉంది. నేను చెంచా పీకి పారేశాను. తద్దినం అయ్యాక పోయినవాళ్ళ ముందు పెట్టింది తాగాల్సింది బ్రతికున్నవాళ్ళు. అది తాగితేనే తద్దినం ముగుస్తుంది. మగ్గు రెండు చేతులా ఎత్తి, ఊపిరి తీసుకోకుండా తాగాను. బీరు కాదది. ఉప్పు. నాలుక మీద ఇసుక. అడుగు కనిపించేదాకా తాగి, బోర్లించి పెట్టాను. తర్వాత వాడి వీపు మీద చరిచాను. చిన్నప్పుడు అన్నం గొంతుకి అడ్డం పడితే చరిచినట్టు, మళ్ళీ మళ్ళీ.

వాడు దగ్గాడు. అమ్మయ్య, దగ్గింది వాడు.

హాల్లో జనం అరుపు మళ్ళీ మొదలైంది, ఆగినచోటి నుంచే. మేనేజరమ్మాయి పరుగున వచ్చి, అన్నీ బాగున్నాయా అని అడిగింది. ఆమె మొహంలో ఏమీ లేదు. కార్పెట్ పొడిగా ఉంది.

కారులో ఇంటికి బయల్దేరాం. గారం వాడి చెయ్యి రెండు చేతుల మధ్య రుద్దుతూనే ఉంది. మా వీధి మలుపు తిరిగాక ముజిన్ నోరు తెరిచాడు.

"నాన్న వచ్చారు పెద్దమ్మా. పక్కన కూర్చుని తినిపించారు. నేనే ముజిన్ని అంటే నవ్వారు. మా ముజిన్ చిన్నపిల్లాడు అన్నారు."

"ఇంకేమన్నాడు?"

"పడవ మునుగుతున్నప్పుడు నన్ను గట్టిగానే పట్టుకున్నారట. కానీ చెయ్యి జారిపోయానట. ఇన్నేళ్ళూ నాకు తద్దినం పెట్టేవాళ్ళే లేరని..." వాడు ఆగాడు. "నేను ఆ పడవలో లేను కదా?"

"లేవు," అన్నాను. "నా ఒళ్ళో ఉన్నావు. నీ జ్వరం నా చేతికి ఇప్పటికీ తెలుసు."

మరి ఆ రోజు గీబోమ్ పట్టుకున్నది ఎవర్నో నాకు తెలియదు.

ఆ తర్వాత ఇత్తడి పళ్ళాలు తీసి, ఇంట్లోనే గీబోమ్‌కి సరిగ్గా తద్దినం పెట్టాం. తప్పు చెప్పుకుని, ముజిన్ బ్రతికే ఉన్నాడని మా ఆయన చేత గట్టిగా మూడుసార్లు చెప్పించాను. ముజిన్ బాగానే ఉన్నాడు. ఉద్యోగానికి వెళ్తున్నాడు. గారం మా ఇంటికి వస్తోంది. నవ్వుతోంది కూడా, కాకపోతే కళ్ళు మాయం కావడం లేదు.

బుద్ధ జయంతికి ముందు కొండ మీద గుడికి వెళ్ళి లాంతర్లు కట్టాను. మా గుళ్ళో ముంగిట్లో కట్టే రంగు కాగితాల తామరలు ఉన్నవాళ్ళ ఆయుష్షు కోసం. వెనక మందిరంలో కట్టే తెల్లవి పోయినవాళ్ళ కోసం. ముజిన్‌కి గులాబీ రంగుది తీసుకుని, కింద వేలాడే చీటీ మీద నా చేత్తో వాడి పేరు రాసి, ముంగిట్లో మొదటి వరసలో కట్టాను. ఎండ తగిలే చోట. గీబోమ్‌కి ఎప్పట్లాగే వెనక తెల్లది కట్టాను.

పండగ రోజు పొద్దున్నే వెళ్ళాను. ముంగిట్లో మొదటి వరసలో గులాబీ లాంతరు ఉంది. దాని కింద చీటీ లేదు.

గాలికి రాలి ఉంటుందన్నారు గుళ్ళో భిక్షువుగారు. ఆ రాత్రి గాలి లేదు.

వెనక మందిరంలోకి వెళ్ళాను. గీబోమ్ తెల్ల లాంతరు పక్కన నేను కట్టని తెల్ల లాంతరు ఒకటి ఉంది. కింద ముజిన్ పేరు. నా చేతిరాతే. అక్కడే నిలబడి వాడికి ఫోన్ చేశాను. "చెప్పు పెద్దమ్మా, ఆఫీసుకి వెళ్తున్నా," అన్నాడు. వాడి వెనక బస్సు హారన్ వినిపించింది. ఏమీ లేదులేరా అన్నాను.

చీటీ విప్పుదామని చెయ్యెత్తాను. నేను కట్టే ముడి కాదది. దారం తడిగా ఉంది. పడవలవాళ్ళు తాళ్ళకి వేసే ముడి.

లాగాను. ఇంకా బిగుసుకుంది.